కోడ్ వచ్చింది సరే, తప్పు సెన్సార్‌దేనా? పాత పొక్లెయిన్ కొన్నవాళ్ల కోసం

మే నెల. చీమకుర్తి దగ్గర ఒక గెలాక్సీ గ్రానైట్ క్వారీలో, పదకొండు గంటల ఎండలో మా 20 టన్నుల మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. పొగ రాలేదు, ఇంజిన్ తడబడలేదు. ఎవరో తాళం తిప్పి ఆపినట్టు ఆగింది. ఆపరేటర్ సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు. భోజనాలయ్యాక ఒంటిగంటన్నరకు మళ్లీ కొడితే మొదటిసారికే స్టార్టయింది. మర్నాడూ ఇదే తంతు. మానిటర్ మీద ఇంజిన్ స్పీడ్ సెన్సార్ కోడ్.

మెకానిక్ వచ్చి సెన్సార్ మార్చాడు. నాలుగు రోజులు బాగానే నడిచి మళ్లీ ఆగింది. కొత్త సెన్సారే డూప్లికేట్ అయ్యుంటుందని ఇంకొకటి తెప్పించి వేశాం. వారం తిరక్కుండానే మళ్లీ అదే కోడ్. చివరికి నెల్లూరు ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ నుంచి కోడ్‌లు చదివే పరికరం) తీయలేదు. సెన్సార్ దగ్గర కప్లర్ (వైర్లు వచ్చి కలిసే ప్లగ్గు) విప్పి, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూశారు. ఒక పిన్ను మీద పచ్చటి చిలుము. "ఈ బండి ఇంతకుముందు ఉప్పు నీళ్లలో పనిచేసిందా అబ్బాయ్?" అని అడిగారు. అవును, మా చేతికి రాకముందు అది అల్లూరు వైపు రొయ్యల చెరువులు తవ్వింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పిన్ను ఎలాగో అంటుకుని ఉండేది. వేడెక్కి, అదురుడు తోడయ్యేసరికి వదిలేసేది. కప్లర్ కోసేసి కొత్త పిన్నులు క్రింప్ చేసి ఇచ్చారు. ఆ తర్వాత ఆ కోడ్ మళ్లీ రాలేదు. మేము మార్చిన రెండు సెన్సార్లూ, బహుశా మొదట తీసేసిన పాత సెన్సారూ, అన్నీ బాగానే ఉన్నవి.

పోయిన డబ్బు కంటే, ఎక్కడ తప్పుగా ఆలోచించామో తెలియడానికి పట్టిన కాలమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన జిల్లాల్లో పాత మెషీన్ కొని బతుకుతున్నవాళ్లు చాలామంది. క్వారీలకు, చెరువులకు, కాలువ పనులకు, లేఔట్లకు వాటిని కిస్తీల మీద తెచ్చుకుంటాం. రోజు ఆగితే కిస్తీ ఆగదు. ఆ టెన్షన్‌లో మానిటర్ మీద ఏ పేరు కనిపిస్తే ఆ పార్టు మార్చేస్తాం. అలా చేయకుండా ఏం చూడాలో, ఎందుకు చూడాలో నాకు అర్థమైనంత వివరంగా రాస్తున్నాను.

మెకానికల్ పంపు నుంచి కామన్ రైల్ దాకా

చక్రాల బండిని జేసీబీ అనీ, చైన్ బండిని పొక్లెయిన్, హిటాచీ అనీ కంపెనీ పేర్లతోనే పిలవడం మనకు అలవాటు. పాతతరం చైన్ బండ్లలో ఇంజిన్‌కు మెకానికల్ డీజిల్ పంపు ఉండేది. డీజిల్ అందితే, గాలి పట్టకుండా ఉంటే, ఇంజిన్ నడిచేది. టెంపరేచర్ సెన్సార్ పోతే మీటరు ముల్లు మాత్రమే పోయేది, ఇంజిన్‌కు ఏమీ అయ్యేది కాదు.

కామన్ రైల్ ఇంజిన్ అలా కాదు. ఇందులో డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఒక గొట్టంలో నిల్వ ఉంచుతారు. దాన్నే రైల్ అంటారు. ఇంజిన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు అందులో 300, 400 బార్ దాకా, లోడ్‌లో 1600 బార్, కొన్నిటిలో 1800 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఏది ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో ఈసీఎం అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దానికి కళ్లూ చెవులూ సెన్సార్లే. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసును క్రాంక్ అంటారు. అది ఏ కోణంలో ఉందో చెప్పేది ఇంజిన్ స్పీడ్ సెన్సారే, దాన్నే క్రాంక్ సెన్సార్ అని కూడా అంటారు. ఆ కోణం తెలియకపోతే ఈసీఎం డీజిల్ కొట్టదు, అందుకే మా బండి తాళం తిప్పినట్టు ఆగింది. కొన్ని ఇంజిన్లు క్రాంక్ సెన్సార్ పోయినా క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సార్ సాయంతో ఎలాగో నడుస్తాయి, కానీ అన్నీ కాదు.

ఇంకో సంగతి. రైల్ ప్రెషర్ మీదో, టర్బో గాలి మీదో ఈసీఎంకు నమ్మకం పోతే ఇంజిన్‌ను కాపాడటానికి శక్తి తగ్గించి నడుపుతుంది. అప్పుడు బకెట్ నింపి బూమ్ ఎత్తితే రేస్ పడిపోతుంది. చూసేవాళ్లకు హైడ్రాలిక్ పంపు బలహీనపడినట్టు ఉంటుంది. ఒక సెన్సార్ వైరు కోసం పంపు విప్పి రిపేరుకు పంపినవాళ్లను నేను చూశాను. పంపు మీద చేయి వేసే ముందు ఇంజిన్ కోడ్‌లు చూడమని బతిమాలి చెబుతాను.

కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

చాలా డీజిల్ యంత్రాలు జే1939 అనే పద్ధతిలో మాట్లాడతాయి. అందులో ప్రతి కోడ్‌కు రెండు ముక్కలుంటాయి. మొదటిది ఎస్‌పీఎన్, అంటే ఏ విషయం గురించి అన్నది. 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్, 102 టర్బో గాలి ఒత్తిడి, 110 కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల) టెంపరేచర్, 157 రైల్ ప్రెషర్, 190 ఇంజిన్ స్పీడు. రెండోది ఎఫ్‌ఎంఐ, అంటే ఏ రకం తప్పు అన్నది. మనవాళ్లు మొదటి ముక్క చూసి ఆగిపోతారు. అసలు కీలకం రెండో ముక్కలో ఉంది.

ఎఫ్‌ఎంఐ 0 అయితే విలువ నమ్మదగ్గదే, కానీ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువగా ఉందని అర్థం. 1 అయితే బాగా తక్కువ. 2 అయితే విలువ పొంతన లేకుండా ఎగిరెగిరి పడుతోందని. 3 అయితే వోల్టేజీ ఉండకూడనంత ఎక్కువ, 4 అయితే ఉండకూడనంత తక్కువ. 5 అయితే కరెంటు అందడం లేదు, అంటే చాలావరకు ఎక్కడో వైరు తెగింది. 6 అయితే కరెంటు మరీ ఎక్కువ, అంటే ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది.

ఇక్కడ తేడా గమనించండి. 110కి పక్కన 0 ఉంటే సెన్సార్ తన పని తాను చేస్తోంది, ఇంజిన్ కాగిపోతోందని కేక వేస్తోంది. అదే 110కి పక్కన 3 గానీ 4 గానీ ఉంటే ఇంజిన్ వేడి గురించి ఈసీఎంకు ఏమీ తెలియదు. సెన్సార్ లైనులోనే తేడా ఉందని చెబుతోంది. మొదటి సందర్భంలో సెన్సార్ మారిస్తే ఇంజిన్ కాల్చుకుంటాం. రెండో సందర్భంలో రేడియేటర్ కడిగితే రోజు పోగొట్టుకుంటాం. మానిటర్ మీద మాత్రం రెండింటికీ కూలెంట్ టెంపరేచర్ అనే మాటే కనిపిస్తుంది.

అన్ని కంపెనీలూ ఈ అంకెలు నేరుగా చూపించవు. కొమట్సులో సీఏ అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లు వస్తాయి. సీఏ144 అంటే కూలెంట్ సెన్సార్ వోల్టేజీ ఎక్కువ, సీఏ145 తక్కువ. సీఏ451, 452 రైల్ ప్రెషర్ సెన్సార్‌కు అలాంటి జంటే. వేరే కంపెనీ అయితే ఆ మోడల్ పుస్తకంలో చూడాలి. పేరు ఏదైనా మనం వెతకాల్సింది ఒకటే: ఈ కోడ్ ఇంజిన్ గురించి చెబుతోందా, సెన్సార్ లైను గురించి చెబుతోందా?

ఇంకొక మాట. కోడ్ కనిపించగానే చెరిపేయకండి. ముందు ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ కోడ్ ఇప్పుడు కూడా ఉందా, పాతదా, ఎన్నిసార్లు వచ్చింది, బండి ఎన్ని అవర్లు (గంటలు) నడిచాక వచ్చింది, ఇవన్నీ చాలా మెషీన్లలో దొరుకుతాయి. ఒక్కసారి వచ్చిన కోడ్‌కూ నలభైసార్లు వచ్చిన కోడ్‌కూ వైద్యం వేరు.

వైర్లు లెక్కపెట్టండి

సెన్సార్ రకం తెలియాలంటే కప్లర్‌లో వైర్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కు చాలా బండ్లలో ఒకటే వైరు, బాడీయే ఎర్త్. అది తగులుతుంది లేదా వదులుతుంది, అంతే.

కూలెంట్, డీజిల్, గాలి టెంపరేచర్ సెన్సార్లకు రెండు వైర్లు. లోపల వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న ముక్క ఉంటుంది. ఎక్కువగా వాడే రకాల్లో 20, 25 డిగ్రీల దగ్గర సుమారు 2000 నుంచి 2500 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 200 ఓమ్‌ల లోపు ఉంటుంది. దీన్ని పరీక్షించడానికి చాలా తేలికైన పద్ధతి ఉంది. మానిటర్‌లో గానీ స్కానర్‌లో గానీ టెంపరేచర్ అంకె చూస్తూ కప్లర్ పీకేయండి. అంకె మైనస్ 40 వైపు పడిపోవాలి. తర్వాత కప్లర్‌లోని రెండు పిన్నులను ఒక చిన్న వైరుతో కలపండి. అంకె పైకి, 130 దాటి పోవాలి. రెండుసార్లూ అలా కదిలితే ఈసీఎం, వైరింగ్ బాగున్నాయి, తప్పు సెన్సార్‌లోనే. కదలకపోతే కొత్త సెన్సార్ కొని లాభం లేదు, వైరు వెతకాలి. రెండు నిమిషాల పని, మల్టీమీటర్ కూడా అక్కర్లేదు. కొన్ని బండ్లలో సెన్సార్ పోతే ఈసీఎం తనకు తానే ఒక ఊహ అంకె చూపిస్తుంది. అప్పుడు కోడ్ 3 నుంచి 4కు మారిందా లేదా అన్నది చూడాలి.

ఈ వైరు ముక్క కిటుకు మూడు వైర్ల సెన్సార్ల మీద మాత్రం ఎప్పుడూ చేయొద్దు. రైల్ ప్రెషర్, టర్బో గాలి, ఆయిల్ ప్రెషర్ సెన్సార్లు సాధారణంగా మూడు వైర్లవి. ఒకటి 5 వోల్టుల సరఫరా, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. సిగ్నల్ 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య తిరుగుతుంది. సున్నాకు గానీ 5కు గానీ అంటుకుపోయిందంటే లైనులో తేడా ఉందని ఈసీఎం పట్టేసే ఏర్పాటు ఇది.

క్రాంక్ సెన్సార్ పాత రకంలో రెండు వైర్లతో ఉండే తీగ చుట్ట (కాయిల్), కొత్త రకంలో మూడు వైర్లు. చుట్ట రకమైతే చల్లగా ఉన్నప్పుడొకసారి, ఆగిపోయిన వెంటనే వేడిమీద ఇంకోసారి ఓమ్‌లు కొలవండి. కొన్ని వందల ఓమ్‌ల నుంచి వెయ్యి పైన దాకా మోడల్‌ను బట్టి ఉంటుంది. వేడిమీద ఓపెన్ (లోపల తీగ తెగినట్టు) చూపిస్తే సెన్సార్ నిజంగానే పోయింది. మా బండికి ఆ రోజే ఇది చేసి ఉంటే రెండు సెన్సార్ల డబ్బు మిగిలేది. విప్పినప్పుడు దాని మొనకు ఇనుప రజను అంటుకుందేమో కూడా చూడండి, అది అయస్కాంతం కదా. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మానిటర్‌లో ఆర్‌పీఎం అంకె అసలు కదలకపోతే అనుమానం మొదట ఈ లైను మీదే.

ఒక్కసారే నాలుగైదు కోడ్‌లు వస్తే

బండి ఆగింది, స్కానర్ పెడితే రైల్ ప్రెషర్, టర్బో గాలి, ఆయిల్ ప్రెషర్, థ్రాటిల్, అన్నీ ఒకేసారి ఎర్రగా వచ్చాయి. చాలామంది గుండె ఇక్కడే జారిపోతుంది. ఈసీఎం పోయిందని కూడా చెప్పేస్తారు.

నిజానికి ఇది తరచుగా తేలికైన కేసు. ఈసీఎం 5 వోల్టులను రెండు మూడు లైన్లుగా పంచుతుంది. ఒక లైను మీద కొన్ని సెన్సార్లు ఆధారపడి ఉంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయినా, ఒక వైరు రాసుకుని బాడీకి తగిలినా ఆ లైను మొత్తం కుంగిపోతుంది. దానిమీద ఉన్న మంచి సెన్సార్లు కూడా తప్పుడు మాట చెబుతాయి. ఇలాంటప్పుడు జాబితాలో సెన్సార్ సప్లై వోల్టేజీ అనే కోడ్ ఉందేమో వెతకండి. కొమట్సులో సీఏ187, సీఏ352 అలాంటివే. అది ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టండి.

పద్ధతి ఇది. కీ ఆన్ చేసి ఒక మంచి కప్లర్‌లో 5 వోల్టుల పిన్ను దగ్గర మీటరు పెట్టండి. ఒకటో రెండో వోల్టులు చూపిస్తోందనుకుందాం. ఇంకో మనిషి ఆ లైనులో ఉన్న సెన్సార్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ రావాలి. ఏది పీకినప్పుడు మీటరు ఠక్కున 5కు లేస్తుందో అదే దొంగ. అన్నీ పీకినా లేవకపోతే వైరు ఎక్కడో రాసుకుంది. ఇంజిన్ వెనక భాగంలో, క్లిప్పు ఊడిపోయి హార్నెస్ (వైర్ల కట్ట) వేలాడే చోట ముందు వెతకండి.

దానికంటే ముందు చూడాల్సినది ఇంకొకటి ఉంది: బ్యాటరీ. 20 టన్నుల బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ దగ్గర 27.5 నుంచి 28.5 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 18 కంటే దిగితే ఈసీఎం మధ్యలో నిద్రపోయి లేచి ఏవేవో కోడ్‌లు రాసుకోవచ్చు. మన దగ్గర ఒక అలవాటు ఉంది. క్యాబిన్‌లో ఫ్యాన్‌కు, పాటలకు 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగుతారు. ఆ బ్యాటరీ తగ్గిపోతుంది, రెండోది ఎక్కువ చార్జై ఉడికిపోతుంది. ఆపరేటర్‌కు ఎండలో ఫ్యాన్ ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టి ఇవ్వండి.

ఎర్త్ కూడా అంతే ముఖ్యం. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో మొన ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ కేబుల్ విప్పి శుభ్రం చేయాలి. 24 వోల్టుల బల్బు టెస్టర్ చాలామంది ఎలక్ట్రీషియన్ల జేబులో ఉంటుంది. హెడ్‌లైట్‌కు అది సరిపోతుంది. ఈసీఎం లైన్ల మీద పెడితే అది లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ దెబ్బతినొచ్చు. డిజిటల్ మీటరే వాడండి. సూదితో వైరు తొక్క పొడిచి చూడటం కూడా మానాలి. ఆ సూది రంధ్రంలోంచే కొన్నాళ్లకు చిలుము మొదలవుతుంది.

పొద్దున్నే అడగండి, నిజం చెబుతుంది

సెన్సార్ నిజం చెబుతోందో లేదో తేల్చాలంటే మనకు ముందే తెలిసిన నిజంతో పోల్చాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి దగ్గరికి తెల్లవారి వెళ్లండి. స్టార్ట్ చేయొద్దు, కీ మాత్రం ఆన్ చేయండి. కూలెంట్, డీజిల్, లోపలికి వచ్చే గాలి, మూడు టెంపరేచర్లూ దాదాపు ఒకటే ఉండాలి, బయటి గాలి వేడికి దగ్గరగా. రెండు 29 అని, ఒకటి 55 అని చూపిస్తే ఆ 55 అబద్ధం. టర్బో గాలి సెన్సార్ బయటి గాలి ఒత్తిడిని చూపాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న మన మైదానంలో అది 100 కిలోపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. బయటి ఒత్తిడిని తీసేసి చూపే మానిటర్లలో సున్నా ఉంటుంది. రైల్ ప్రెషర్ సున్నాకు దగ్గరగా, సిగ్నల్ 0.5 వోల్టు దగ్గర ఉండాలి. రాత్రి నుంచి ఆగి ఉన్న ఇంజిన్ రైల్‌లో 300 బార్ ఉందంటే నమ్మకండి. ఆయిల్ ప్రెషర్ సున్నా ఉండాలి.

ఐదు నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఇది. నాకు తెలిసిన వాటిలో ఇంతకంటే విలువైన పరీక్ష లేదు.

రైల్ ప్రెషర్: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే

రైల్ ప్రెషర్ తక్కువ అని కోడ్ వస్తుంది. సెన్సార్ మారుస్తారు. సమస్య తగ్గదు. పంపు మారుస్తారు. తగ్గదు. ఇంజెక్టర్లు తీసి బెంచికి పంపుతారు. చివరికి ట్యాంకు అడుగున మురికి పేరుకుని జల్లెడ మూసుకుపోయిందని తేలుతుంది. ఈ కథ నేను ఒక్కచోట కాదు, చాలాచోట్ల విన్నాను.

పైన చెప్పిన పొద్దుటి పరీక్షలో రైల్ సెన్సార్ సున్నా దగ్గర చూపించి, స్టార్ట్ అయ్యాక సాఫీగా పైకి లేచి, లోడ్ పడ్డప్పుడు మాత్రమే అడిగినంత ఒత్తిడి అందకపోతే సెన్సార్ నిజమే చెబుతోంది. స్కానర్‌లో ఈసీఎం అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ రెండూ పక్కపక్కన చూడండి. అడిగింది పెరుగుతుంటే వచ్చింది వెనకబడుతుందా? అయితే డీజిల్ దారి పట్టుకుని ట్యాంకు నుంచి ముందుకు నడవాలి. ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి డీజిల్ రాదు, క్వారీ దుమ్ములో ఇది మామూలే. తర్వాత ట్యాంకు జల్లెడ, నీళ్లు వేరుచేసే ఫిల్టర్, మెయిన్ ఫిల్టర్. తర్వాత పైపుల జాయింట్లు. లాగే వైపు చిన్న సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కంటికి కనిపించదు. పారదర్శకంగా ఉండే పైపు ముక్క పెడితే బుడగలు కనిపిస్తాయి. ఆ తర్వాతే ఇంజెక్టర్ల నుంచి వెనక్కి తిరిగే డీజిల్ (రిటర్న్) ఎంత వస్తోంది, రైల్ చివర రిలీఫ్ వాల్వ్ కారుతోందా అన్న ప్రశ్నలు.

మన దగ్గర డీజిల్ క్యాన్లలో, డ్రమ్ముల్లో వస్తుంది. క్వారీ గుంటలోకి బంకు రాదు కాబట్టి తప్పదు. కానీ ఆ డ్రమ్మును కనీసం ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగు నాలుగు వేళ్లు వదిలేసి పైనుంచి పంపుతో తోడండి. నీళ్లు, మట్టి అడుగుకు చేరతాయి. తక్కువ ధరకు దొరికే ఫిల్టర్‌తో మిగిలేది వందల్లో, ఇంజెక్టర్‌కు అయ్యేది వేలల్లో.

ఒక హెచ్చరిక రాయకుండా ముందుకు పోలేను. ఇంజిన్ నడుస్తుండగా హైప్రెషర్ పైపు నట్టు ఎప్పుడూ వదులు చేయకండి. పాత ఇంజిన్లలో ఎయిర్ తీయడానికి అలా చేసేవాళ్లు, ఆ చేతి అలవాటు చాలామంది మేస్త్రీలకు ఇంకా ఉంది. కామన్ రైల్‌లో ఆ డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. బయటికి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇంజిన్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఆగి విప్పండి.

సెన్సార్ నిజం చెబుతున్నప్పుడు

ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగితే సెన్సార్ మీద నెపం వేయడం సులభం. దయచేసి అలా చేయకండి. ఇంజిన్ ఆపి, ఆయిల్ కొలిచి, సెన్సార్ విప్పిన చోట మెకానికల్ గేజ్ బిగించి చూడండి. గేజ్ కూడా తక్కువ చూపిస్తే బేరింగులో, ఆయిల్ పంపులో, డీజిల్ కలిసి పల్చబడిన ఆయిల్‌లో కారణం ఉంటుంది. గేజ్ బాగా చూపిస్తేనే సెన్సార్‌ను తప్పుపట్టండి.

టెంపరేచర్ కూడా అంతే. చీమకుర్తి, బూదవాడ క్వారీల్లో రాతి దుమ్ము రేడియేటర్‌లోకి, ఆయిల్ కూలర్‌లోకి దూరి, ఆయిల్ చెమ్మతో కలిసి సిమెంటులా గట్టిపడుతుంది. ముందునుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. రేడియేటర్‌కూ ఆయిల్ కూలర్‌కూ మధ్య సందులో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సెన్సార్ మాటను సరిచూడాలంటే టెంపరేచర్ గన్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కొలవండి. ఐదారు డిగ్రీల తేడా మామూలే. ఇరవై డిగ్రీల తేడా ఉంటే ఆలోచించాలి.

ఇందులో ఒక మోసం ఉంది. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సార్ మొన నీళ్లలో మునగదు, ఆవిరిలో ఉంటుంది. అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా సెన్సార్ తక్కువ చూపించవచ్చు. ముల్లు బాగానే ఉంది కదా అని నడిపి ఇంజిన్ హెడ్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. ముల్లు మామూలు కంటే కిందికి వచ్చినా ఆపి నీళ్లు చూడాలని ఆపరేటర్‌కు చెప్పి ఉంచండి.

ఉప్పు, ఎలుకలు, వెల్డింగ్

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, ఇటు కొత్తపట్నం వైపు చెరువుల్లో పనిచేసిన బండి కొంటున్నారంటే బయటి రంగు చూడకండి, కప్లర్లు విప్పి చూడండి. ఉప్పు గాలి రాగి వైరు తొక్క లోపలికి కూడా పాకుతుంది. పైన మెరుస్తున్న వైరును కోస్తే లోపల నల్లగా, పొడిలా రాలుతుంది. అలాంటి వైరు మీటరుకు కరెంటు చూపిస్తుంది, పనికి మాత్రం అందించదు. కప్లర్లలో మామూలు గ్రీజు పూయొద్దు, విద్యుత్ కప్లర్ల కోసం అమ్మే గ్రీజు వేరే ఉంటుంది. ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగేటప్పుడు కప్లర్ల మీద నేరుగా కొట్టకండి.

వరి కోతలయ్యాక పొలాల పక్కన నెలల తరబడి ఆపిన బండిలో ఎలుకలు చేరి హార్నెస్ కొరుకుతాయి. క్యాబిన్ వెనక, ట్యాంకు కింద వైర్ల కట్ట చూడండి.

క్వారీల్లో బకెట్ పళ్లకు వెల్డింగ్ తప్పదు. వెల్డింగ్ ముందు బ్యాటరీ కట్ చేసి, ఈసీఎం కప్లర్లు విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటికి పక్కనే బిగించాలి. క్లాంపు చైన్ దగ్గర పెట్టి బకెట్ మీద వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు బేరింగుల గుండా, ఎర్త్ వైర్ల గుండా దారి వెతుక్కుంటుంది. వెల్డింగ్ జరిగిన మర్నాటి నుంచి వింత కోడ్‌లు మొదలైతే కారణం ఎక్కడో వెతకక్కర్లేదు.

సెన్సార్ నిజంగానే పోతే పార్ట్ నంబర్ చూసి కొనండి. రైల్ ప్రెషర్ సెన్సార్లు బయటికి ఒకేలా కనిపిస్తాయి, ఒకటి 1500 బార్‌ది, ఒకటి 1800ది, ఇంకొకటి 2000ది. తుక్కు బండి నుంచి తీసి బిగిస్తే థ్రెడ్ సరిపోతుంది, లెక్క సరిపోదు. కోడ్ రాకుండానే ఇంజిన్ తప్పుగా నడుస్తుంది.

కొనేముందు

అమ్మేవాళ్లను ఒకటే కోరండి: మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బ్లాక్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. కీ ఆన్ చేయగానే వార్నింగ్ లైట్లన్నీ రెండు మూడు సెకన్లు వెలగాలి. ఏ లైటు వెలగలేదో ఆ లైటు ఎవరో తీసేసి ఉండొచ్చు. కోడ్ చరిత్ర చూడండి. 9000 అవర్లు నడిచిన బండిలో ఒక్క పాత కోడ్ కూడా లేదంటే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. నిన్ననే తుడిచి ఉంటారు. గంటసేపు లోడ్‌లో నడిపించి మళ్లీ చూడండి, తుడిచినవి తిరిగి వస్తాయి.

కొత్తపట్నం దగ్గర మా బంధువు ఒకరు మెషీన్ చూడటానికి నన్ను తోడు రమ్మన్నారు. పొద్దున ఆరున్నర. ఇంజిన్ చల్లగా ఉంది, మంచు తడి కూడా ఆరలేదు. కీ ఆన్ చేసి సర్వీస్ మెనూలోకి వెళ్తే డీజిల్ టెంపరేచర్ 26, గాలి 25, కూలెంట్ 82. పాపం సెన్సార్ పోయిందేమో, చిన్న పనే కదా అన్నాడు మా బంధువు. నేను వెళ్లి కూలెంట్ సెన్సార్ కప్లర్ పీకాను. "అంకె మారిందా బావా?" అని అడిగాను. మారలేదు, 82 దగ్గరే ఉంది. అంటే ఈసీఎం చదువుతున్నది ఆ సెన్సార్‌ను కాదు. హార్నెస్ పట్టుకుని వెనక్కి వెళ్తే మూరెడు దూరంలో నల్ల టేపు చుట్టిన చోట ఉబ్బుగా తగిలింది. టేపు విప్పితే, సెన్సార్ వైపు కోసేసి రెండు వైర్ల మధ్య అతికించిన చిన్న రెసిస్టర్ బయటపడింది, ఇంజిన్ ఎంత కాగినా 82 అనే చూపించడానికి. రేడియేటర్ మూత తీస్తే నీళ్ల మీద నూనె తెట్టు తేలుతోంది. టేపు మళ్లీ చుట్టేసి ఇద్దరం బండెక్కి ఒంగోలు వచ్చేశాం.